పెన్‌డ్రైవ్ బూటింగ్, బూట్‌లోడర్ మార్పిడి: వ్యవహారం ఫార్మాట్ దాకా ఎందుకు పోతోంది?

క్లుప్తంగా: కంప్యూటర్ ఆన్ కాకపోవడం ఒక సమస్య, ఆన్ అయి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో కనుక్కోలేకపోవడం మరో సమస్య. రెండో దానికి డిస్కు చెడిపోవడం కారణమయ్యే సందర్భాలు తక్కువే. చాలాసార్లు ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రామ్) దగ్గరున్న చిరునామా తప్పి ఉంటుంది. పాత బయోస్ పద్ధతిలో ఒక బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెతికి లేపే ప్రోగ్రామ్) మరొకదాన్ని తుడిచేసేది. ఇప్పటి యూఈఎఫ్ఐ పద్ధతిలో అవి పక్కపక్కనే ఉంటూ వరుసలో మొదటి స్థానం కోసం పోటీ పడతాయి. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పది నిమిషాల్లో సర్దుకునే పని డిస్కు మొత్తం చెరిపేయడంతో ముగుస్తోంది.

విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడిపే రక్షణ) సదుపాయం ఉన్న యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, ఇంటెల్ యంత్రమైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు కొన్న యంత్రాల్లో ఎక్కువ వాటికి ఈ అర్హత లేదు. తిరుపతిలో యాత్రికులకు 300 రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేసిపెట్టే నెట్ సెంటర్లలోనూ, చిత్తూరులో బెల్లం మండీల, మామిడి గుజ్జు వ్యాపారుల లెక్కలు రాసే చిన్న ఆఫీసుల్లోనూ ఉండేవి ప్రధానంగా ఇలాంటి పాత డెస్క్‌టాప్‌లే. మరోవైపు ఎస్వీ విశ్వవిద్యాలయం, ఏర్పేడులోని ఐఐటీ, చుట్టుపక్కల ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు ల్యాబ్ పనుల కోసం కొత్త లాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటున్నారు. అవసరాలు వేరైనా రెండు వర్గాల వారూ చివరికి చేయాల్సిన పని ఒకటే: పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ను బూట్ చేయడం, ఆ తర్వాత బూట్‌లోడర్ మారడాన్ని ఎదుర్కోవడం.

### పవర్ బటన్ నొక్కిన తర్వాత

ప్రాసెసర్‌కు కరెంటు అందగానే అది చదివే మొదటి ఆదేశాలు హార్డ్‌డిస్కులో ఉండవు. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌లోని ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పటి నుంచి సుమారు మూడు దశాబ్దాల పాటు ఆ స్థానంలో ఉన్నది బయోస్. దానికి ఫైళ్ళు, ఫోల్డర్ల సంగతి తెలియదు. డిస్కులోని మొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, మెమరీలోకి తెచ్చుకుని, చివరి రెండు బైట్లలో నిర్ణీతమైన గుర్తు కనబడితే ఆ సెక్టారుకే పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది. మాస్టర్ బూట్ రికార్డ్ లేదా ఎంబీఆర్ అని పిలిచేది ఈ సెక్టారునే. అందులో 64 బైట్లు నాలుగు పార్టిషన్ల (డిస్కు భాగాల) పట్టికకు, 2 బైట్లు గుర్తుకు పోగా బూట్ కోడ్‌కు మిగిలేది 446 బైట్లు. యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతానికి మూడేసి బైట్లు పడతాయి కనుక అంత చోటులో 150 సంకేతాలు కూడా ఇమడవు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెతికి పట్టుకునే ప్రోగ్రామ్ మొత్తం అక్కడ పట్టే అవకాశమే లేదు కాబట్టి, ఆ కొద్ది కోడ్ చేసే పనల్లా డిస్కులో మరోచోట ఉన్న పెద్ద ప్రోగ్రామ్‌ను పిలవడమే. సెక్టారు సంఖ్యలను 32 బిట్లలో రాయడం వల్ల ఈ పద్ధతికి 2 టెరాబైట్ల పరిమితి కూడా ఉంది.

1990ల చివర్లో ఇంటెల్ తన ఇటానియం ప్రాసెసర్ల కోసం ఈఎఫ్ఐ అనే కొత్త ఏర్పాటును మొదలుపెట్టింది. 2005లో దాని బాధ్యత పలు కంపెనీలతో కూడిన యూఈఎఫ్ఐ ఫోరమ్‌కు వెళ్ళింది. 2012లో విండోస్ 8తో పాటు వచ్చిన యంత్రాలతో ఇది ఇళ్ళలోకి చేరింది. యూఈఎఫ్ఐకి ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌ను (ఫైళ్ళను డిస్కులో అమర్చే ఒక పద్ధతిని) చదవడం వచ్చు. డిస్కులో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగం ఉంటుంది. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ తన బూట్‌లోడర్‌ను అక్కడ తన ఫోల్డర్‌లో మామూలు ఫైలుగా పెట్టుకుంటుంది. ఏ ఫైలును ఏ వరుసలో నడపాలో చెప్పే జాబితా మాత్రం డిస్కులో ఉండదు, మదర్‌బోర్డులోని శాశ్వత మెమరీలో ఉంటుంది. డిస్కును తీసి మరో కంప్యూటర్‌కు పెడితే డేటా అంతా ఉన్నా ఒక్కోసారి బూట్ కాకపోవడానికి కారణం, ఈ జాబితా పాత మదర్‌బోర్డులోనే ఉండిపోవడం.

జాబితాలో పేరు లేని డిస్కు విషయంలో ఫర్మ్‌వేర్ ఒక నిర్ణీత స్థలంలో మాత్రమే వెతుకుతుంది: ‘ఈఎఫ్ఐ’ ఫోల్డర్‌లో ‘బూట్’ అనే ఫోల్డర్, అందులో 64 బిట్ యంత్రాలకు ‘బూట్ఎక్స్64’ అనే ఫైలు. పెన్‌డ్రైవ్ బూట్ అయ్యేది సరిగ్గా ఈ దారినే. నిన్నటి దాకా ఆ యంత్రాన్ని చూడని పెన్‌డ్రైవ్‌కు జాబితాలో పేరుండే వీలు లేదు కదా. మదర్‌బోర్డు అమరికలను చెరిపే సీమాస్ రీసెట్ వల్లో, బయోస్ అప్‌డేట్ వల్లో జాబితా చెరిగిపోయిన కంప్యూటర్‌లో లోపలి డిస్కు కూడా పెన్‌డ్రైవ్ స్థితికే వస్తుంది. అదే ఫైలు తన దగ్గరా ఉంటే లేస్తుంది, లేకపోతే ‘బూట్ డివైస్ దొరకలేదు’ అనే సందేశం వస్తుంది.

### పెన్‌డ్రైవ్ ఒకటే, మెనూలో పేర్లు రెండు

2012 నుంచి 2020 మధ్య తయారైన అనేక యంత్రాల్లో యూఈఎఫ్ఐతో పాటు పాత బయోస్‌ను అనుకరించే సీఎస్ఎం అనే భాగం కూడా ఉంటుంది. 2020 నాటికి దాన్ని వదిలేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించినా, తిరుపతి దుకాణాల్లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లలో అది ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. ఇలాంటి యంత్రానికి పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే అదే పెన్‌డ్రైవ్ రెండు వరుసల్లో కనబడుతుంది. ఒక వరుసలో కంపెనీ పేరు మాత్రమే ఉంటుంది. రెండో వరుసలో దాని ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉంటుంది. చూడ్డానికి ఒకటే అనిపించే ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నామన్నదాని మీదే తర్వాతి గంట పని ఆధారపడి ఉంటుంది.

యూఈఎఫ్ఐ లేని వరుసను ఎంచుకుంటే విండోస్ ఇన్‌స్టాలర్ పాత పద్ధతిలో నడుస్తుంది. లోపలి డిస్కు జీపీటీ (ఎంబీఆర్ స్థానంలో వచ్చిన కొత్త పార్టిషన్ పట్టిక) తరహాలో విభజించి ఉంటే, ఈ డిస్కు మీద విండోస్ వేయడం కుదరదని, డిస్కు జీపీటీ పద్ధతిలో ఉందని ఇన్‌స్టాలర్ మొరాయిస్తుంది. సాధారణంగా ఈ మెట్టు దగ్గరే నష్టం జరుగుతుంది. ‘సీ డ్రైవ్‌లో ఏమన్నా ఉండాదా సార్? పోతాది మళ్ళా’ అని ఒక మాట అడిగి, పార్టిషన్లన్నీ తీసేసి ముందుకు వెళ్ళడం దుకాణాల్లో అలవాటైన పద్ధతి. వాస్తవానికి అక్కడ ఆగి, రీస్టార్ట్ చేసి, మెనూలో రెండో వరుసను ఎంచుకుంటే సందేశమే రాదు.

దీనికి తలకిందులైన సందర్భమూ ఉంది. పాత పద్ధతిలో విండోస్ 10 వేసి, ఎంబీఆర్ డిస్కుతో నడుస్తున్న యంత్రంలో ఇన్‌స్టాలర్‌ను యూఈఎఫ్ఐ వరుస నుంచి తెరిస్తే, జీపీటీ డిస్కు అయితేనే వేస్తానంటుంది. దీనికోసం మైక్రోసాఫ్ట్ 2017 నాటి విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే సాధనాన్ని విండోస్‌తోనే ఇస్తోంది. అది డేటాను చెరపకుండా డిస్కును మారుస్తుంది. అయితే డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉండకూడదని, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అసలు ఉండకూడదని దాని షరతు. సీ, డీ, ఈ అని డిస్కును ముక్కలు చేయించుకోవడం మన ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఆ డీ, ఈ డ్రైవులు తరచుగా ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌లోనే ఉంటాయి. కనుక ఈ సాధనం ఎక్కువగా అవసరమయ్యే యంత్రాల్లోనే అది పనిచేయక మొండికేస్తుంది. ముందుగా డీ, ఈ డ్రైవుల్లోని ఫైళ్ళను బయటి డిస్కుకు తరలించి, ఆ పార్టిషన్లను తొలగిస్తే మార్పిడి సాగుతుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ప్రస్తుతం యంత్రం ఏ పద్ధతిలో నడుస్తోందో తెలుసుకోవడం కష్టం కాదు. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ‘బయోస్ మోడ్’ అనే వరుసలో లెగసీ (పాత బయోస్ పద్ధతి) అనో, యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకునే ముందు ఈ ఒక్క వరుస చూసుకుంటే పైన చెప్పిన రెండు తలనొప్పులూ తప్పుతాయి.

### బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారీలో చిక్కులు

డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాలర్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టిన ఫైలును) పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది బూట్ కాదు. ఐఎస్ఓ లోపలున్న ఫైళ్ళు బయటికి పరుచుకోవాలి, లేదా ఐఎస్ఓను బైటుకు బైటు పెన్‌డ్రైవ్ మొదటి సెక్టారు నుంచి రాయాలి. బూటబుల్ పెన్‌డ్రైవ్‌లు తయారుచేసే రూఫస్ సాధారణంగా మొదటి పని చేస్తుంది. బలేనా ఎచర్, లైనక్స్‌లోని డీడీ ఆదేశం రెండో పని చేస్తాయి. రెండో పద్ధతిలో రాసిన పెన్‌డ్రైవ్‌ను తర్వాత విండోస్‌కు పెడితే 32 జీబీ పరికరం కొన్ని ఎంబీలుగా కనబడడం, ఫార్మాట్ చేయమని విండోస్ అడగడం మామూలే. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని పారేయాల్సిన పని లేదు. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ ఆదేశంతో దాన్ని శుభ్రం చేస్తే పూర్తి చోటు తిరిగి వస్తుంది. డిస్క్‌పార్ట్‌లో డిస్కు సంఖ్య తప్పుగా ఇస్తే మాత్రం లోపలి డిస్కే శుభ్రమవుతుంది.

విండోస్ ఐఎస్ఓలతో మరో చిక్కు ఉంది. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. ఇప్పటి విండోస్ ఇన్‌స్టాలర్‌లోని ప్రధాన ఫైలు ఆ హద్దు దాటుతుంది. యూఈఎఫ్ఐ మాత్రం తప్పకుండా చదవగలిగేది ఫ్యాట్‌నే. రూఫస్ ఈ వైరుధ్యాన్ని దాటడానికి పెద్ద భాగాన్ని విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంచి, దాన్ని చదవడం నేర్పే డ్రైవర్‌ను పక్కన ఒక బుల్లి ఫ్యాట్ పార్టిషన్‌లో పెడుతుంది. 2020లో వచ్చిన వెంటాయ్ అనే సాధనంతో ఒకే పెన్‌డ్రైవ్‌లో ఎన్ని ఐఎస్ఓలనైనా మామూలు ఫైళ్ళలా వేసుకుని, బూట్ అయ్యాక మెనూలో కావలసినదాన్ని ఎంచుకోవచ్చు. రిపేరు దుకాణాల వాళ్ళకు ఇది బాగా కలిసొచ్చింది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న యంత్రంలో మాత్రం దాని తాళంచెవిని (డిజిటల్ సంతకాన్ని సరిచూసే కీని) మొదటిసారి నమోదు చేయాల్సి ఉంటుంది.

### పెన్‌డ్రైవ్ కనబడకపోతే

బూట్ మెనూ తెరిచే మీట కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవో లాప్‌టాప్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 అయినా, అనేక మోడళ్ళలో దాన్ని ముందుగా బయోస్ సెటప్‌లో ఆన్ చేయాలి. ఫాస్ట్ బూట్ వల్ల మీట నొక్కే వ్యవధి చిక్కకపోతే, విండోస్ నుంచి షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ‘యూజ్ ఎ డివైస్’ ద్వారా వెళ్ళడం నమ్మకమైన దారి.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్ ఎంతో దూరం కాదు కాబట్టి, ఆఫీసుల్లో వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు తిరుపతి, చిత్తూరు వాసులకు తేలిగ్గా దొరుకుతాయి. వాటిలో కొన్నింటికి పాత కంపెనీ పెట్టిన బయోస్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. విండోస్ చక్కగా నడుస్తున్నా, పెన్‌డ్రైవ్ పెట్టాల్సిన రోజు దాకా ఈ సంగతి బయటపడదు. కొనేటప్పుడే ఎఫ్2 గాని, ఆ కంపెనీ వాడే సెటప్ మీట గాని నొక్కి సెటప్‌లోకి వెళ్ళగలుగుతున్నామో లేదో చూసుకోవడం మంచిది.

కొన్ని కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లలో దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది వస్తుంది. పెన్‌డ్రైవ్ బూట్ అవుతుంది, ఇన్‌స్టాలర్ తెరుచుకుంటుంది, లోపలి ఎస్ఎస్‌డీ మాత్రం జాబితాలో ఉండదు. పదకొండో తరం నుంచి వీఎండీ అనే నియంత్రిక వెనక డిస్కును ఉంచడం దీనికి కారణం. విండోస్ ఇన్‌స్టాలర్‌కు ఇంటెల్ ఇచ్చే డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూపితే డిస్కు ప్రత్యక్షమవుతుంది. సెటప్‌లో ఈ అమరికను ఆపేసినా కనబడుతుంది, అయితే అప్పటికే ఉన్న విండోస్ మరుసటిసారి నీలి తెరతో ఆగిపోయే ప్రమాదం ఉంది. ముందు సేఫ్ మోడ్‌లోకి వెళ్ళేలా చేసి, ఆ తర్వాత అమరిక మారిస్తే విండోస్ కొత్త డ్రైవర్‌ను ఎక్కించుకుంటుంది.

### బూట్‌లోడర్ మారినప్పుడు నిజంగా మారేది

బయోస్ కాలంలో బూట్‌లోడర్‌ను మార్చడమంటే ఆ 446 బైట్లను తిరగరాయడమే. ఉన్న చోటు ఒకటే, అడిగేవాళ్ళు ఇద్దరు. లైనక్స్ ఉన్న యంత్రంలో విండోస్ వేస్తే లైనక్స్ బూట్‌లోడర్ కోడ్ చెరిగిపోయేది. ‘ముందు విండోస్, తర్వాత లైనక్స్’ అనే సూత్రం అప్పటిదే.

తొలినాళ్ళ లైనక్స్ బూట్‌లోడర్ లిలోకు ఫైల్ సిస్టమ్ తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్ ఫైలు డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో ముందే రాసిపెట్టుకునేది. కెర్నల్ మార్చి లిలో ఆదేశాన్ని మళ్ళీ నడపడం మరిచిపోతే కంప్యూటర్ లేచేది కాదు. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ అనే బూట్‌లోడర్ ఈ లోపాన్ని సరిచేసింది. ఫైల్ సిస్టమ్‌ను తానే చదివి, కెర్నల్‌ను పేరుతో వెతికి పట్టుకోగలగడం దాని ప్రత్యేకత. లిలో అభివృద్ధి 2015 చివర్లో ఆగిపోయింది.

గ్రబ్ బలం నుంచే దాని బలహీనత కూడా వచ్చింది. బయోస్ పద్ధతిలో గ్రబ్ మూడు చోట్ల ఉంటుంది: మొదటి సెక్టారులో ఒక ముక్క, దాని వెనక ఖాళీలో మరో ముక్క, మిగిలినదంతా లైనక్స్ పార్టిషన్‌లో. డిగ్రీ పూర్తయ్యాక ఉబుంటుతో పని లేదనుకున్న విద్యార్థి విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి లైనక్స్ పార్టిషన్ తీసేస్తాడు. మొదటి రెండు ముక్కలు అలాగే ఉంటాయి, మూడోది పోతుంది. రీస్టార్ట్ చేయగానే నల్లటి తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అనే మాట, పక్కన మిణుకుమనే కర్సర్. విండోస్ ఎక్కడికీ పోలేదు, ఫైళ్ళూ పోలేదు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో రికవరీలోకి వెళ్ళి ఎంబీఆర్‌ను సరిచేసే బూట్‌రెక్ ఆదేశం ఇస్తే పాత స్థితి వస్తుంది.

యూఈఎఫ్ఐ యంత్రంలో ఇదే పొరపాటు జరిగితే మరమ్మతు ఇంకా తేలిక. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌లో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్, ఉబుంటు ఫోల్డర్ విడివిడిగా ఉంటాయి. ఉబుంటు వేసినప్పుడు విండోస్ బూట్‌లోడర్‌ను ఎవరూ చెరపలేదు. జాబితాలో ఉబుంటు పేరు ముందుకు వచ్చిందంతే. బూట్ మెనూలో ‘విండోస్ బూట్ మేనేజర్’ను ఎంచుకుంటే విండోస్ తెరుచుకుంటుంది, సెటప్‌లో దాన్ని పైకి జరిపితే మార్పు శాశ్వతమవుతుంది. ఉబుంటు మాయమై నేరుగా విండోస్ వస్తున్నప్పుడు కూడా ఇదే మందు. పెద్ద అప్‌డేట్ తర్వాత విండోస్ తన పేరును ముందుకు జరుపుకోవడం, కొన్ని కంపెనీల ఫర్మ్‌వేర్ వరుసను లెక్కచేయకుండా విండోస్‌నే నడపడం ఉన్నదే. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో లేచి ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే ఆదేశంతో జాబితాను చూస్తే ఎవరు ముందున్నారో అంకెలతో సహా తేలిపోతుంది.

మరో తరచైన ఫిర్యాదు, గ్రబ్ మెనూ వస్తున్నా అందులో విండోస్ వరుస లేకపోవడం. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రతా కారణాలతో డీఫాల్ట్‌గా ఆపేశారు. కొన్ని డిస్ట్రోలు (లైనక్స్ రకాలు) దాన్ని తిరిగి ఆన్ చేసి ఇస్తున్నాయి, కొన్ని ఇవ్వడం లేదు. గ్రబ్ అమరికల ఫైలులో ఆ నిషేధాన్ని తీసేసి మెనూను తాజా చేస్తే విండోస్ పేరు వస్తుంది.

గ్రబ్‌ను వదిలి వేరేదానికి మారాలనుకునేవారికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. రీఫైండ్ ప్రతిసారీ డిస్కులను వెతికి దొరికిన వాటన్నిటినీ బొమ్మలతో చూపిస్తుంది. రెండుకు మించి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నవారికి అనువైనది. సిస్టమ్‌డీ-బూట్ ఇంకా చిన్నది. 2012 నుంచి లైనక్స్ కెర్నల్‌నే యూఈఎఫ్ఐ నేరుగా నడపగలుగుతోంది కాబట్టి, మెనూ చూపించి ఎంచుకున్న ఫైలును ఫర్మ్‌వేర్‌కు అందించడంతో దాని పని అయిపోతుంది. ఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్ఎస్ వంటి లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లను గ్రబ్ స్వయంగా చదువుతుంది, ఇది చదవదు. కోడ్ తక్కువ కావడంతో లొసుగులకు చోటు తక్కువ. అయితే కెర్నళ్ళన్నీ ఫ్యాట్ పార్టిషన్‌లోనే ఉండాలి. విండోస్ తానుగా చేసుకునే ఈఎఫ్ఐ పార్టిషన్ తరచుగా 100 ఎంబీ మాత్రమే. కెర్నల్‌తో పాటు దాని తోడు ఫైలును అందులో పెడితే ఒక జతకే చోటు చాలకపోవచ్చు. అప్పుడు మరో బూట్ పార్టిషన్ చేసుకోవాలి. విండోస్‌తో పాటు ఒక్క ఉబుంటు ఉన్న లాప్‌టాప్‌కు ఈ శ్రమ అవసరం లేదు, గ్రబ్ చాలు.

### సంతకాల తగాదా

పాత పద్ధతిలో మొదటి సెక్టారులో ఎవరు ఏం రాసినా బయోస్ నడిపేది. వైరస్‌లు ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందే లేవడానికి అది రాచబాట. సెక్యూర్ బూట్ ఆ దారిని మూసింది: ఫర్మ్‌వేర్ దగ్గరున్న తాళంచెవులతో సరిపోయే డిజిటల్ సంతకం ఉన్న బూట్‌లోడర్ మాత్రమే నడుస్తుంది. పీసీలన్నిటిలో ఉండేది మైక్రోసాఫ్ట్ తాళంచెవులే కాబట్టి, లైనక్స్ సంస్థలు షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుంటాయి. షిమ్ గ్రబ్‌ను పరీక్షిస్తుంది, గ్రబ్ కెర్నల్‌ను పరీక్షిస్తుంది.

2020లో బయటపడిన బూట్‌హోల్ లొసుగుతో ఈ గొలుసులో ఒక లోటు తేలింది. సంతకం సరైనదే, ప్రోగ్రామ్‌లోనే తప్పుంది. పాత వెర్షన్లను ఒక్కొక్కటిగా నిషేధించడానికి ఫర్మ్‌వేర్‌లో చోటు చాలదు. అందుకని ఎస్‌బ్యాట్ అనే పద్ధతిలో వెర్షన్లకు తరాల సంఖ్య ఇచ్చి, ఫలానా తరం కంటే పాతవి చెల్లవని చెప్పడం మొదలైంది. 2024 ఆగస్టు 13 నాటి విండోస్ అప్‌డేట్ ఈ సంఖ్యను పెంచింది. డ్యూయల్ బూట్ (విండోస్, లైనక్స్ రెండూ ఉన్న) యంత్రాలను వదిలేయాలన్నది ఉద్దేశం, అన్ని చోట్లా వాటిని గుర్తించలేకపోవడం జరిగింది. ఫలితంగా ఎందరికో లైనక్స్ తెరుచుకోకుండా, భద్రతా నియమ ఉల్లంఘన అనే సందేశంతో యంత్రం ఆగిపోయింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్ళి, ఆ నియమాన్ని చెరిపి, మళ్ళీ ఆన్ చేయడం అప్పట్లో ఉపాయం. శాశ్వత పరిష్కారం 2025 మే అప్‌డేట్లతో వచ్చింది. డిస్కును ఎవరూ ముట్టుకోకుండానే, బూట్‌లోడర్‌ను ఎవరూ మార్చకుండానే బూటింగ్ ఆగిపోయిన సందర్భం ఇది. ఇందులో ఫార్మాట్ చేసి పాత పెన్‌డ్రైవ్‌తోనే మళ్ళీ ఉబుంటు వేసినా ఫలితం ఉండదు, ఆ పెన్‌డ్రైవ్‌లోని షిమ్ కూడా పాత తరానిదే.

ఇలాంటిదే మరో మలుపు 2026లో ఉంది. సెక్యూర్ బూట్‌కు ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రాల్లో రెండింటి గడువు 2026 జూన్, విండోస్ బూట్ మేనేజర్‌కు సంబంధించిన దాని గడువు అదే ఏడాది అక్టోబర్. గడువు ముగిసిన రోజే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయానికి ఆధారం లేదు. ఫర్మ్‌వేర్ సాధారణంగా ఆ తేదీని పట్టించుకోదు, పాత సంతకాలు చెల్లుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చే బూట్‌లోడర్ల మీద మాత్రం 2023 నాటి ధ్రువపత్రపు సంతకం ఉంటుంది. విండోస్ అప్‌డేట్ ద్వారానో, బయోస్ అప్‌డేట్ ద్వారానో ఆ పత్రం అందని పాత యంత్రం, కొత్త పెన్‌డ్రైవ్‌ను సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగా తిరస్కరిస్తుంది. పాత పెన్‌డ్రైవ్‌తో లేచి కొత్తదానితో లేవని యంత్రం కనబడితే అనుమానించాల్సింది దీన్నే.

### 48 అంకెల తాళం

బూటింగ్ వ్యవహారంలో డేటా నిజంగా పోయే అవకాశమున్న చోటు బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్. టీపీఎం చిప్ బూటింగ్ క్రమాన్ని కొలిచి, అది మారలేదని తేలితేనే డిస్కు తాళం తీస్తుంది. సెక్యూర్ బూట్ ఆపినా, బూట్‌లోడర్ మార్చినా కొలత తప్పుతుంది. అప్పుడు నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11 వెర్షన్ 24హెచ్2ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ కావచ్చు. డిస్కుకు తాళం పడిందన్న సంగతే యజమానికి తెలియని పరిస్థితి ఇది. కీ సాధారణంగా అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. లాప్‌టాప్ కొన్న రోజున దుకాణంలోనో, మరొకరో తమ మెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటే కీ వాళ్ళ దగ్గర ఉంటుంది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ లోపభూయిష్ట అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు మూలపడ్డాయి. మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌తో నడిచే మరమ్మతు సాధనాన్ని విడుదల చేసింది. అయినా అనేక సంస్థల్లో పని నెమ్మదించింది బిట్‌లాకర్ కీలు వెతుక్కోవాల్సి రావడంతోనే. పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకునే ముందు ఆ కీని కాగితం మీద రాసిపెట్టుకోవడం, మార్పులు చేసే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయడం అందుకే తప్పనిసరి.

### ఐదున్నర గంటల తేడా

డ్యూయల్ బూట్ చేసిన యంత్రంలో ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది అంతర్జాతీయ సమయమని లైనక్స్, స్థానిక సమయమని విండోస్ అనుకోవడమే కారణం. దీనికి సీమాస్ సెల్ మార్చి డబ్బు తీసుకోవడం కొత్తేమీ కాదు. సెల్ బాగోకపోతే తేడా ఐదున్నర గంటల దగ్గర ఆగదు, తేదీయే ఏళ్ళు వెనక్కి పోతుంది. లైనక్స్‌కు స్థానిక సమయం వాడమని ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది.

### దుకాణానికి ఫార్మాటే ఎందుకు అనుకూలం

ఫార్మాట్ కొట్టి ఓఎస్ వేయడానికి దుకాణదారుకు పట్టే సమయం ముందే తెలుసు, ధర ముందే చెప్పగలడు, ఏ యంత్రానికైనా పద్ధతి ఒకటే. బూట్ జాబితా సరిచేయడం అలా కాదు. ఐదు నిమిషాల్లో తేలవచ్చు, మధ్యాహ్నమంతా పట్టవచ్చు. ఐదు నిమిషాల్లో తేలితే డబ్బు ఇవ్వడానికి కస్టమర్ ఒప్పుకోడు. కనుక తప్పు మెకానిక్ నైపుణ్యానిదే అనడం అన్యాయం, లెక్క అలా ఉంది. కస్టమర్ తన యంత్రం బయోస్ మోడ్ ఏమిటో, బిట్‌లాకర్ ఉందో లేదో, చివరిసారి మార్చింది ఏమిటో చెప్పగలిగితే ఆ లెక్క మారుతుంది.

రానున్న నెలల్లో ఈ పని పెరిగేదే గాని తగ్గేది కాదు. విండోస్ 10కు వ్యక్తిగత వినియోగదారులకు ఇచ్చిన పొడిగింపు కూడా 2026 అక్టోబర్‌తో ముగుస్తుంది. అర్హత ఉండి కూడా లెగసీ పద్ధతిలో విండోస్ వేయించుకున్న డెస్క్‌టాప్‌లకు డిస్కును జీపీటీకి, ఫర్మ్‌వేర్‌ను యూఈఎఫ్ఐ పద్ధతికి మారిస్తే విండోస్ 11 వస్తుంది. అర్హత లేని వాటికి రూఫస్‌తో టీపీఎం తనిఖీని తప్పించి వేసేవారున్నారు. అలా వేసిన యంత్రానికి అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, కాబట్టి డబ్బు లావాదేవీలు జరిగే నెట్ సెంటర్‌కు అది తగిన దారి కాదు. బయోస్ మాత్రమే ఉన్న మరీ పాత యంత్రాలకు తేలికపాటి లైనక్స్ మిగులుతుంది. బ్రౌజర్‌లో టికెట్లు బుక్ చేయడానికి అది సరిపోతుంది, ట్యాలీకి, కొన్ని వేలిముద్రల పరికరాలకు సరిపోదు. ఈ సంగతి ఓఎస్ వేశాక కనుక్కోవాల్సిన అవసరం లేదు. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ‘ట్రై’ అనే వరుసను ఎంచుకుంటే లోపలి డిస్కులో ఏమీ రాయకుండా మెమరీలోనే నడుస్తుంది. ప్రింటరు, స్కానరు, వేలిముద్రల పరికరం ఒక్కొక్కటిగా తగిలించి చూసి, పని జరగకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ యథాతథంగా తెరుచుకుంటుంది.